వినేవారికీ తోడు కావాలి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన సమయం అరగంట. విషయం కొంచెం కొత్తది. గుంపుగా కూర్చోబెట్టి మానసిక చికిత్స చేసేవాళ్లు తమకోసం తాము ఏర్పరచుకున్న సంఘాల గురించి మాట్లాడబోతున్నాము. పేరు వినగానే “ఇది డాక్టర్ల వ్యవహారం, మనకెందుకు?” అనిపించవచ్చు. మనకెందుకో ముందే చెప్పేస్తే వినడానికి తేలిక.

మన సంఘం ఆఫీసుకు జనం దరఖాస్తు పట్టుకుని వస్తారు. పిల్లవాడి స్కాలర్‌షిప్పు కోసం కావచ్చు, వితంతు పింఛను కోసం కావచ్చు, ఆసుపత్రి ఖర్చుల కోసం కావచ్చు. కాగితం చూసి సంతకం పెట్టడం రెండు నిమిషాల పని. కానీ వచ్చిన ఆమె గంటసేపు కూర్చుంటుంది. భర్త తాగుడు సంగతి, గదిలోంచి బయటికి రాని కొడుకు సంగతి, నిద్రపట్టని రాత్రుల సంగతి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. తెలంగాణలో దీన్ని మనాది అంటారు, కోస్తాలో బెంగ అంటారు. ఏ పేరుతో పిలిచినా దరఖాస్తు ఫారంలో దానికి గడి లేదు. అందుకే నిరుటి సమావేశంలో కొందరు సభ్యులు ఒక ప్రతిపాదన తెచ్చారు. ఇలాంటివాళ్లను ఎనిమిది పదిమందిని ప్రతి ఆదివారం ఒకచోట కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడుకోనిద్దాం అని. మంచి ప్రతిపాదన. అది ఎలా జరపాలో చూసి చెప్పమని మా ఉపసంఘానికి అప్పగించారు.

మేము దొరికినంత చదివాము, తెలిసిన డాక్టర్లను అడిగాము. చివరికి మాకు తేలింది ఒక్కటే. కూర్చోబెట్టి వినేవాళ్లకు తాము కూర్చుని చెప్పుకునే చోటు లేకపోతే ఈ పని నిలవదు. నిలవకపోవడమే కాదు, కీడు కూడా చేయవచ్చు. ఇది మా సొంత కవిత్వం కాదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఎనభై ఏళ్లకు పైగా సంఘాలు కట్టి, పోట్లాడుకుని, సర్దుకుని నేర్చుకున్న సంగతి.

అసలు ఈ చికిత్స ఏమిటి?

1905లో అమెరికాలోని బాస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు పేద క్షయరోగులను వారానికొకసారి ఒకచోట చేర్చడం మొదలుపెట్టాడు. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, బలమైన తిండి, మంచి గాలి, ఇవే వైద్యం. శానిటోరియంకు వెళ్లే స్తోమత లేనివాళ్లు ఇంట్లోనే ఈ నియమాలు పాటించాలి. ఏం తిన్నారో, ఎంతసేపు ఆరుబయట పడుకున్నారో రోజూ నోటుపుస్తకంలో రాసుకుని ఆ క్లాసుకు తీసుకురావాలి. డాక్టరుగారు పాఠం చెప్పడానికి పెట్టిన క్లాసు అది. కానీ పాఠం ఒక్కటే కాదు, పక్కన కూర్చున్న తోటి రోగి కూడా మేలు చేస్తున్నాడని క్రమంగా తెలిసివచ్చింది. ఒకడి బరువు పెరిగిందంటే పదిమందికి ధైర్యం వచ్చేది. ఇంకో మాట. ఆ క్లాసుకు డబ్బు సాయం చేసింది ఆ ఊళ్లోని ఎమాన్యుయేల్ చర్చి. అంటే ఈ రకం చికిత్స మొదటి అడుగులోనే ఒక మత సమాజం చేయూత ఉందన్నమాట. సంక్షేమ సంఘం సభ్యులుగా మనం గుర్తుపెట్టుకోదగిన సంగతి ఇది.

తరువాతి కాలంలో ఇది క్షయ నుంచి మనోవ్యాధులకు మళ్లింది. ఇప్పుడు సాధారణంగా ఏడెనిమిది మంది, మహా అయితే పదిమంది, గుండ్రంగా కూర్చుంటారు. గంటన్నర మాట్లాడుకుంటారు. అదే రోజు, అదే వేళ, అదే గది. నడిపేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. ఇది పంచాయితీ కాదు. ఎవరిది తప్పో తేల్చి తీర్పు చెప్పేవాళ్లు లేరు. ఉపన్యాసమూ కాదు. అమెరికాలో ఇర్విన్ యాలమ్ అనే మానసిక వైద్యుడు 1970లో ఈ పని మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఇప్పటికీ శిక్షణ తీసుకునేవాళ్లు చదివే పుస్తకం అదే, 2020లో ఆరవ కూర్పు వచ్చింది. గుంపులో కూర్చుంటే మనిషికి ఎందుకు మేలు జరుగుతుందో అందులో 11 అంశాలుగా చెప్పాడు. వాటిలో మనకు చప్పున అర్థమయ్యేది, “ఇది నా ఒక్కడికే కాదు” అన్న తెలివిడి.

ఈ సంగతి మనవాళ్లకు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి రాత్రిపూట కూర్చున్న ఆడవాళ్లు ఇళ్లలోని సారా బాధ మాట్లాడుకున్నారు. “మా ఇంట్లోనూ ఇంతే” అన్న మాట నోటినుంచి నోటికి పాకింది. సారా వ్యతిరేక ఉద్యమమే లేచింది. అది చికిత్స కాదు, నిజమే. కానీ ఒకరి బాధ ఇంకొకరి బాధను పలకరిస్తే ఎంత బలం పుడుతుందో చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు కనబడలేదు.

నడిపేవారి కష్టం

బలం పుడుతుందన్నాము. బలం ఉన్నచోట ప్రమాదమూ ఉంటుంది. ఒక్క మనిషితో కూర్చుంటే ఒక్క దుఃఖం. ఎనిమిదిమందితో కూర్చుంటే ఎనిమిది దుఃఖాలు, వాటితో పాటు ఆ ఎనిమిదిమంది మధ్య కలిగే ఇష్టాలు, కోపాలు, అలకలు. ఒకరు నోరు విప్పరు. ఒకరు ఇంకొకరిని మాట్లాడనివ్వరు. ఒకామె ఏడుస్తూ మధ్యలో లేచి వెళ్లిపోతుంది. ఇద్దరు కలిసి మూడోవాడి మీదికి వెళతారు. కొన్నాళ్లకు అందరి కోపం కలిసి నడిపేవాడి మీదికి తిరుగుతుంది. “నువ్వు మాకేం చేశావు?” అని నిలదీస్తారు. ఇది నడిపేవాడి చేతకానితనం కాదు, గుంపు స్వభావం. కానీ ఆ సంగతి చెప్పేవాళ్లు పక్కన లేకపోతే అతను ఏమనుకుంటాడు? తానే చెడగొట్టానని కుంగిపోతాడు. లేదా ఎదురు కోప్పడతాడు. లేదా ఏదో వంక చెప్పి మానేస్తాడు.

ఇంకొకటి. వినేవాడికీ ఒక ఇల్లుంది, ఒక గతముంది. తండ్రి తాగుడుతో చితికిన ఇంట్లో పెరిగినవాడు తాగుబోతు మాట వింటున్నప్పుడు లోపల పాత పుండు రేగుతుంది. అది తెలియకుండానే మాటలో విసురు వస్తుంది. ఎవరి వీపు వారికి కనబడదు కదా. వెనక నిలబడి చూసి చెప్పే మనిషి ఉండాలి. ఆ మనుషుల కోసమే ఈ వృత్తివాళ్లు సంఘాలు కట్టుకున్నారు.

సంఘాలు ఎలా పుట్టాయి

న్యూయార్కులో శామ్యూల్ స్లావ్‌సన్ అనే ఆయన ఉండేవాడు. 1890లో ఉక్రెయిన్‌లో పుట్టి అమెరికా చేరినవాడు. డాక్టరు కాదు, ఇంజనీరింగు చదివినవాడు. 1934లో ఆ నగరంలోని యూదుల సంక్షేమ సంస్థ ఒకటి ఆయనకు కష్టంలో ఉన్న పిల్లలతో పనిచేసే అవకాశమిచ్చింది. పిల్లలకు బొమ్మలు, రంగులు, పనిముట్లు ఇచ్చి, ఒక పెద్దవాడు ఓర్పుగా పక్కన కూర్చునే పద్ధతి పెట్టాడు. ఒక మైనారిటీ సమాజం తన పిల్లల కోసం నడుపుకున్న సంక్షేమ సంస్థలో మొదలైన పని అది. అక్కడి అనుభవంతోనే ఆయన 1942లో ఈ పని చేసేవాళ్లందరికీ ఒక సంఘం పెట్టాడు. తరువాత అదే అమెరికన్ గ్రూప్ సైకోథెరపీ అసోసియేషన్ అయింది.

అదే 1942లో, అదే దేశంలో ఇంకొక సంఘం కూడా పుట్టింది! వియన్నా నుంచి వచ్చిన జేకబ్ మొరీనో అనే డాక్టరు దాన్ని పెట్టాడు. రోగి చేత తన బాధను నాటకంలా ఆడించే సైకోడ్రామా పద్ధతి ఆయనది. గ్రూప్ సైకోథెరపీ అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు తానేనని ఆయన పట్టు. ఇద్దరికీ పడేది కాదు. ఒకే పనికి ఒకే ఏడాది రెండు సంఘాలు. ఇక్కడ నవ్వుతున్న పెద్దలకు మన ఊళ్ల సంగతులేవో గుర్తుకు వచ్చినట్టున్నాయి. అయితే ఒకటి చూడండి. ఇద్దరు నాయకుల పంతం ఇద్దరితో పోయింది, రెండు సంఘాలూ నేటికీ పనిచేస్తూనే ఉన్నాయి. ఎందుకంటే ఆ సంఘాలు నాయకుల అవసరం మీద కాక వినేవాళ్ల అవసరం మీద నిలబడ్డాయి.

ఇంగ్లండు కథ వేరు. రెండవ ప్రపంచయుద్ధంలో మనసు చెదిరిన సైనికులు వేలల్లో, మానసిక వైద్యులు కొద్దిమంది. బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో విల్‌ఫ్రెడ్ బయాన్, జాన్ రిక్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు సైనికులను గుంపులుగా కూర్చోబెట్టి వాళ్ల సమస్యలు వాళ్లే చూసుకునేట్టు చేయబోయారు. ఈ బయాన్ మన మథురలోనే 1897లో పుట్టినవాడు. వాళ్ల ప్రయత్నం ఆరు వారాలు మాత్రమే సాగింది. వార్డులో జరుగుతున్నది బయట ఉన్న అధికారులకు, తోటి సిబ్బందికి అర్థం కాలేదు. పై నుంచి ఆపేశారు. తరువాత అదే ఆసుపత్రికి ఫౌక్స్ మొదలైన డాక్టర్లు వచ్చారు. వాళ్లు వార్డుతో ఆగకుండా ఆసుపత్రి మొత్తాన్ని కలుపుకున్నారు, ఒకరితో ఒకరు సంప్రదించుకుంటూ నడిపారు. ఆ పని నిలిచింది. మొదటివాళ్లకు తెలివి తక్కువై కాదు, చుట్టూ ఆసరా లేక వాళ్ల పని ఆగింది.

ఈ ఫౌక్స్ జర్మనీ నుంచి 1933లో ఇంగ్లండుకు వచ్చినవాడు. గుంపును నడిపేవాణ్ణి నాయకుడు అనడం ఆయనకు నచ్చేది కాదు, కండక్టరు అనేవాడు. ఆయన ఉద్దేశం సంగీత బృందాన్ని నడిపే కండక్టరు. మనకు బస్సు కండక్టరు గుర్తొచ్చినా నష్టం లేదు. బండి తోలేది ఆయన కాదు, ప్రయాణం ప్రయాణికులది, అందరూ ఎక్కారో లేదో చూసుకోవడం, ఎవరూ పడిపోకుండా చూడడం ఆయన పని. ఫౌక్స్ తన సహచరులతో కలిసి 1952లో లండన్‌లో గ్రూప్ ఎనలిటిక్ సొసైటీ పెట్టాడు. 1971లో శిక్షణకోసం ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. 1973లో వివిధ దేశాలవాళ్లు కలిసి అంతర్జాతీయ సంఘం ఏర్పరచుకున్నారు.

ఆ సంఘాలు ఏం చేస్తాయి?

మొదటిది, వినేవాణ్ణి వినిపించుకునే చోట కూర్చోబెడతాయి. అమెరికన్ సంఘం వార్షిక సమావేశం మనలాగా ఉపన్యాసాలతో మొదలుకాదు. ముందు రెండు రోజులు వచ్చినవాళ్లలో చాలామంది చిన్న చిన్న గుంపులుగా సభ్యుల్లాగా కూర్చుంటారు. ఎన్నేళ్ల అనుభవమున్నా సరే. లండన్‌లో అయితే శిక్షణ పొందేవాళ్లు స్వయంగా ఒక గ్రూపులో ఏళ్ల తరబడి సభ్యులుగా ఉండాలి. నోరు విప్పడానికి ఎంత సిగ్గేస్తుందో, మధ్యలో ఎవరైనా నవ్వితే ఎంత గుచ్చుకుంటుందో తనకు తగిలితే కదా తెలిసేది.

రెండవది, పర్యవేక్షణ. ఈ మాట వింటే మనకు తనిఖీ, అటెండెన్సు రిజిస్టరు గుర్తుకొస్తాయి. అది కాదు. తాను నడిపిన కూర్పులో ఏం జరిగిందో తనకంటే అనుభవమున్నవాళ్ల ముందు పెట్టి, “ఇక్కడ నాకు తోచలేదు, ఇక్కడ నాకు కోపం వచ్చింది” అని చెప్పుకోవడం. అమెరికాలో గ్రూప్ చికిత్సకుడిగా ధ్రువపత్రం ఇవ్వడానికి 300 గంటలు గుంపులు నడిపిన అనుభవంతో పాటు 75 గంటలు ఇలాంటి పర్యవేక్షణ కావాలని నియమం పెట్టుకున్నారు. లెక్క చూడండి. నాలుగు గంటలు విన్నవాడు ఒక గంట చెప్పుకోవాలి. మాకు ఈ లెక్క చాలా నచ్చింది.

మూడవది, గుట్టు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనవాళ్ల సామెత. ఇంటి సంగతి పదిమందిలో పెడితే ఏమవుతుందోనన్న భయం అందులో ఉంది. ఆ భయం న్యాయమైనదే. డాక్టరు గుట్టు దాచాలని వృత్తి ధర్మం ఉంది, చట్టం ఉంది. కానీ గుంపులో పక్కన కూర్చున్నవాడు డాక్టరు కాదే! అతణ్ణి కట్టేది అతని మాట ఒక్కటే. అందుకే మొదటిరోజే అందరిచేత మాట తీసుకోవాలని, బయట ఎదురుపడితే గదిలో విన్న సంగతి ఎత్తకూడదని, మాట తప్పితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలని ఈ వృత్తివాళ్లు నేర్పుతారు. 2007లో అమెరికన్ సంఘం తన సభ్యుల అనుభవాన్ని, పరిశోధనలను కలిపి మార్గదర్శక సూత్రాలు తయారుచేసింది. ఎవరిని గుంపులో చేర్చుకోవాలి, ఎవరికి అది పనికిరాదు, చేరేముందు ఒక్కొక్కరితో విడిగా ఎలా మాట్లాడాలి, ఎలా ముగించాలి, అన్నీ అందులో ఉన్నాయి.

నాలుగవది, రాసిపెట్టడం. 1951 నుంచి ఆ సంఘం ఒక పత్రిక నడుపుతోంది. ఒక ఊళ్లో ఒకరికి తగిలిన చిక్కు ఇంకో ఊళ్లో ఇంకొకరికి తగలకుండా చూసే పని అది. ఇలాంటి దీక్ష వల్లనే 2018లో అమెరికా సైకాలజిస్టుల సంఘం ఈ పనిని ప్రత్యేక విభాగంగా గుర్తించింది.

అయిదవది, ఆపదలో చేయిపట్టుకోవడం. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంట భవనాలు కూలినప్పుడు ఈ సంఘం సభ్యులు అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు, సహాయక సిబ్బందికి గుంపులు నడిపారు. అంతటితో ఆగలేదు. రోజూ ఆ ఏడుపులు విన్న చికిత్సకులకు కూడా వేరే గుంపులు పెట్టారు. సేవ చేసేవాళ్లకు సేవ అన్నమాట. 2020లో కరోనా వచ్చి గదిలో కలిసి కూర్చోవడమే కుదరనప్పుడు, ఫోను తెర మీద ఎనిమిది ముఖాలతో కూర్పు ఎలా నడపాలో రాత్రికి రాత్రి నేర్చుకోవలసి వచ్చింది. ఒంటరిగా ఉన్నవాళ్లు మానేసే పరిస్థితి. సంఘంలో ఉన్నవాళ్లకు అడగడానికి మనుషులు దొరికారు.

పెద్ద చదువులు లేనివాళ్ల సంగతి

“ఇదంతా చదువుకున్న చికిత్సకుల సంగతి. మన వాలంటీర్లు మామూలు మనుషులు కదా” అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మాకూ అదే సందేహం వచ్చింది.

ముందు ఒక మధ్యరకం ఉదాహరణ. హంగరీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన మైకేల్ బాలింట్, ఆయన భార్య ఈనిడ్ 1950 దశకంలో మామూలు డాక్టర్లను, అంటే మన వీధి చివర క్లినిక్కు పెట్టుకున్నలాంటివాళ్లను, వారానికొకసారి కూర్చోబెట్టారు. జబ్బు గురించి కాదు చర్చ. “ఫలానా రోగి వస్తుంటేనే నాకు చిరాకు, ఎందుకు?” అన్నది చర్చ. ఆ అనుభవంతో బాలింట్ 1957లో రాసిన పుస్తకం దేశదేశాల్లో ప్రసిద్ధికెక్కింది. 1969లో ఇంగ్లండులో ఆయన పేరుతో ఒక సంఘమే ఏర్పడింది. ఇప్పటికీ బాలింట్ గ్రూపుల పేరుతో చాలా దేశాల్లో డాక్టర్లు అలా కూర్చుంటున్నారు.

రెండవది ఆఫ్రికాలోని జింబాబ్వే. హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో 14 మంది నాయనమ్మ వయసు ఆరోగ్య కార్యకర్తలతో ఒక పని మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద బెంచీ. బెంచీ మీద ఒక ముసలమ్మ. బాధ ఉన్నవాళ్లు వచ్చి పక్కన కూర్చుంటారు. వాళ్ల షోనా భాషలో ఈ బాధకు పేరు, “అతిగా ఆలోచించడం” అన్న అర్థమిచ్చే మాట. మన మనాదే! 24 క్లినిక్కుల్లో 573 మందితో జరిపిన పరిశోధన ఫలితం 2016లో అచ్చయింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఆరు నెలల తరువాత బాధ బాగా తగ్గింది. బెంచీ దగ్గర పని పూర్తయిన ఆడవాళ్లు తరువాత గుంపుగా కూర్చుని సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. అయితే ఆ ముసలమ్మలను ఒంటరిగా వదిలేయలేదు. వాళ్లకు శిక్షణ ఉంది, పైన పర్యవేక్షకులు ఉన్నారు, తమలో తాము కూర్చుని కష్టమైన సంగతులు చర్చించుకుంటారు.

మూడవది మన దేశంలోనే, గోవాలో. 1996లో మొదలైన సంగాత్ అనే సంస్థ మానసిక వైద్యంలో డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా తయారుచేసింది. కుంగుబాటు ఉన్నవాళ్లకూ, తాగుడు అలవాటైన మగవాళ్లకూ వాళ్లు చేసిన సాయం పనిచేసిందని 2017లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. వాళ్లది ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే పద్ధతి. కానీ వెనక నడిచిన ఏర్పాటు చూడండి. అనుమతితో రికార్డు చేసిన మాటలను సలహాదారులంతా కలిసి కూర్చుని వింటారు, ఒకరి పనికి ఒకరు మార్కులు వేస్తారు, ఎక్కడ తడబడ్డారో చెప్పుకుంటారు. పెద్ద నిపుణుడు ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేదానికంటే తోటివాళ్లు ప్రతివారం వినడం నిలకడగా సాగే పద్ధతి అని వాళ్ల అనుభవం.

మన దేశానికి ఈ గుంపు పద్ధతి కొత్త కూడా కాదు. 1950 దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే డేరాల్లో ఉండనిచ్చి, వాళ్లనందరినీ కూర్చోబెట్టి మాట్లాడేవాడు. మన మానసిక వైద్యులకు 1947 నుంచి, క్లినికల్ సైకాలజిస్టులకు 1968 నుంచి సంఘాలున్నాయి. కానీ ఊరి స్థాయిలో, మనలాంటి సంఘాల్లో వినే పని చేసే వాలంటీరుకు తోడు ఎవరు? ఆ తోడు మనమే ఏర్పరచుకోవాలి.

కొన్ని అభ్యంతరాలు

ఉపసంఘంలో మాలో మాకే వాదన జరిగింది. ఒకరన్నారు, “మన పెద్దలు ఏ శిక్షణా లేకుండానే అందరి గోడూ వినలేదా?” అని. విన్నారు, వాళ్లకు మనం రుణపడి ఉన్నాము. కానీ వాళ్లు ఒంటరిగా వినలేదు. సాయంత్రం అరుగు మీద నలుగురు పెద్దలు కలిసేవారు. చిక్కు సంగతి వస్తే “భాయీ, దీనికేమంటారు?” అని ఒకరినొకరు అడిగేవారు. ఇంట్లో పెద్దామెకు ఇరుగుపొరుగు ఆపాలు ఉండేవారు. అరుగులు పోయాయి. వినేవాడు మిగిలాడు, అతని నలుగురు పోయారు.

ఇంకొకరన్నారు, “వాలంటీర్లు కూర్చుని చర్చిస్తే గుట్టు బయటపడదా?” అని. చాలా పదునైన ప్రశ్న. పేరు చెప్పకపోయినా చిన్న ఊళ్లో ఆనవాలు పట్టేస్తారు. దానికి మాకు దొరికిన జవాబు, బాలింట్ చూపించిన దారే. చర్చ వచ్చినవాళ్ల ఇంటి సంగతి మీద కాదు, విన్నవాడి ఇబ్బంది మీద. “నాకు ఆ రోజు నోరు పెగల్లేదు” అని చెప్పడానికి ఎవరి పేరూ అక్కరలేదు. మరీ చిక్కు సంగతయితే ఊరి బయటి నిపుణుడితో విడిగా మాట్లాడాలి.

మరొకరు ఖర్చు సంగతి ఎత్తారు. నిపుణుడి రాకపోకల ఖర్చు, టీ ఖర్చు తప్ప పెద్దగా ఏమీ లేదు. మధ్యలో మానేసిన వాలంటీరు స్థానంలో కొత్తవాళ్లను వెతికి తయారుచేయడానికి పట్టే కాలాన్ని లెక్కేస్తే ఇది చవకే.

సంఘం పెట్టగానే సర్వం చక్కబడుతుందని మేము అనడం లేదు. ఏ సంఘమైనా ధ్రువపత్రాలు పంచుకునే క్లబ్బు అయిపోవచ్చు. ఒకరి తప్పు ఒకరు కప్పుకునే చోటూ అయిపోవచ్చు. అందుకే బయటి మనిషి కన్ను ఒకటి ఉండాలంటున్నాము.

ఈ సభ ముందు మా మనవి

ఆదివారం కూర్పు పెట్టాలి. కానీ దానికి ముందు మూడు నెలలు వాలంటీర్ల కూర్పు నడవాలి. ఎంపికైన ఆరుగురో ఎనిమిదిమందో పదిహేను రోజులకొకసారి, ఊరి బయటినుంచి వచ్చే మానసిక వైద్యుడి లేదా సైకాలజిస్టు సమక్షంలో, తామే సభ్యుల్లాగా కూర్చోవాలి. ఆదివారం కూర్పు మొదలైన తరువాత కూడా ఇది ఆగకూడదు. ఇది ఆగిన నెల అదీ ఆగాలి.

ఏ కూర్పునూ ఒక్కరే నడపకూడదు, ఇద్దరుండాలి. ఆడవాళ్ల కూర్పు ఆడవాళ్లే నడపాలి. ఏడాది తరువాత సెలవు తీసుకోవాలనిపిస్తే సిగ్గుపడకుండా తీసుకునే వీలుండాలి.

ముఖ్యమైనది ఇంకొకటి. స్కాలర్‌షిప్పుల, పింఛన్ల, ఆర్థిక సహాయాల దరఖాస్తుల మీద నిర్ణయం చేసేవాళ్లు ఎవరూ వినేవాళ్లుగా కూర్చోకూడదు. ఇందులో కార్యవర్గంలోని పెద్దలెవరినీ తక్కువ చేయడం లేదు. కానీ పింఛను ఇచ్చే మనిషి ఎదుట ఏ అమ్మా మనసు విప్పి మాట్లాడలేదు. మాట్లాడినా, రేపు దరఖాస్తు తిరిగివస్తే తన మాటే అడ్డమొచ్చిందేమో అనుకుంటుంది. ఇచ్చే చెయ్యి వేరు, వినే చెవి వేరు అయి ఉండాలి.

చివరగా, గుంపుతో తీరని సంగతులున్నాయి. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, లేని మాటలు వినబడుతున్నాయన్నా, ఇంట్లో కొడుతున్నారని తెలిసినా వచ్చే ఆదివారం దాకా ఆగకూడదు. అదే రోజు డాక్టరు దగ్గరికి, అవసరమైతే చట్టం దగ్గరికి వెంటపెట్టుకుని వెళ్లాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మన ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని కోరుతున్నాము. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా వినేవాళ్ల శిక్షణలో భాగమే.

పేదవాడికి బియ్యం ఇచ్చేటప్పుడు గోనెసంచి మోసేవాడి వీపు గురించి కూడా ఆలోచిస్తాము కదా. ఇద్దరిని పెడతాము, మధ్యలో దించుకోనిస్తాము. దుఃఖం మోసేవాడి విషయంలో మాత్రం “అతనికి ఓపిక ఎక్కువ” అని వదిలేస్తున్నాము. ఓపిక ఎంత ఉన్నా దించుకునే చోటు కావాలి. అనుభవమున్న చికిత్సకులు ఎనభై ఏళ్లుగా తమకోసం కట్టుకుంటూ వచ్చింది ఆ చోటునే.

ఈ తీర్మానాన్ని సభ చర్చించి ఆమోదించాలని మనవి చేస్తున్నాము. వాలంటీర్లుగా పేరివ్వదలచినవారు సభ ముగిశాక మా ఉపసంఘం సభ్యులను కలవండి. మాట్లాడడం బాగా వచ్చినవాళ్లకంటే, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఓపికగా కూర్చోగలిగినవాళ్లు మాకు ముందు కావాలి.